బడి వాకిట లోహశోధక యంత్రం

ఈ విద్యా సంవత్సరం మన కళాశాల వక్తృత్వపు పోటీకి ఇచ్చిన అంశాలలో ఒకటి, "పబ్లిక్ స్కూళ్లలో మెటల్ డిటెక్టర్లను తప్పనిసరి చేయవలెనా?" అన్నది. ఉర్దూలో ముగ్గురు, తెలుగులో నలుగురు మాట్లాడారు. న్యాయనిర్ణేతలలో ఒకడిగా కూర్చుని అందరినీ విన్నాను. పసిప్రాణం కన్న విలువైనది లేదు గనుక పెట్టవలసిందేనని ఒక పక్షం, బడి చెరసాల కారాదు గనుక పెట్టరాదని రెండవ పక్షం. ఉభయులూ ఆవేశంగా, చక్కని భాషలో వాదించారు, బహుమతులూ అందుకున్నారు. కాని ఆ యంత్రాన్ని ఏ ఊరి బడులలో, ఏ కాలంలో, ఏ కారణంచేత నిలబెట్టారో, నిలబెట్టిన తరువాత ఏమి జరిగిందో ఒక్కరూ చెప్పలేదు. తప్పు వారిది కాదు. అంశం ఇచ్చి, చదువుకొనడానికి ఏమీ చేతికివ్వని మా అధ్యాపకులది. ఆ లోటు కొంతైనా తీర్చుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట ఒక మాటకు అర్థం తేల్చుకోవాలి. మన దేశంలో పబ్లిక్ స్కూలు అంటే ఫీజు కట్టి చదివే ప్రైవేటు బడి. అమెరికాలో పబ్లిక్ స్కూలు అంటే ప్రజల పన్నులతో నడిచే ఉచిత పాఠశాల, మన జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల వంటిది. ఈ చర్చ ప్రధానంగా అక్కడి బడులను గురించి పుట్టినది. ఆయుధం కలిగి ఉండడం రాజ్యాంగపు రెండవ సవరణ కింద పౌరుని హక్కుగా చెల్లుబాటవుతున్న దేశం అది. తుపాకీకి లైసెన్సు దొరకడమే కష్టమైన మన దేశానికి ఆ చర్చను యథాతథంగా తెచ్చి అన్వయిస్తే తర్కం దారి తప్పుతుంది. మాట్లాడిన ఏడుగురిలో అయిదుగురు ఆ పొరపాటే చేశారు. అయితే మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో నేడు ఆ దేశపు పబ్లిక్ స్కూళ్లలోనే చదువుకుంటున్నారు గనుక ఇది మనకు బొత్తిగా పరాయి విషయమని కూడ అనలేము.

ఇక యంత్రం సంగతి. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ తెలుసు. దాని మీదనే ఇదంతా ఆధారపడి ఉన్నది. ద్వారబంధం వంటి చట్రంలో తీగచుట్టలు అమర్చి ఉంటాయి. వాటిలో మారుతూ ఉండే విద్యుత్తును ప్రవహింపజేస్తే చట్రం మధ్య మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహపు వస్తువు వస్తే దానిలో చిన్న చిన్న సుడి విద్యుత్ప్రవాహాలు పుట్టి, తమ సొంత క్షేత్రాన్ని కలిగిస్తాయి. ఈ స్వల్పమైన మార్పును పసిగట్టి యంత్రం కూత పెడుతుంది. అంతే. అది తుపాకీని గుర్తించదు. లోహాన్ని మాత్రమే గుర్తిస్తుంది. తాళపు చెవుల గుత్తి, నడుముకు పెట్టుకున్న బెల్టు బిళ్ల, గొడుగు ఊచలు, కత్తి అలుగు, పిస్తోలు గొట్టం, అన్నీ దానికి ఒకే జాతి వస్తువులు. స్పందనశక్తిని పెంచితే ప్రతి పిల్లవాడి దగ్గరా కూస్తుంది. తగ్గిస్తే సన్నని అలుగు జారిపోతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ముల్లు నిలపాలో నిర్ణయించవలసినవాడు మనిషే. కూత వినబడిన తరువాత దగ్గరికి వచ్చి సంచి విప్పి చూడవలసినవాడూ మనిషే.

ఈ పరిమితి యంత్రంతోబాటే పుట్టినది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకీతో కాల్చాడు. గుండు శరీరంలో ఎక్కడ చిక్కుకున్నదో వైద్యులకు అంతు చిక్కలేదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, ప్రేరణ సూత్రం మీదనే ఒక సాధనం తయారుచేసి తెచ్చి అధ్యక్షుని దేహం మీద నడిపి చూశాడు. గుండు దొరకలేదు. పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉండడం ఒక చిక్కు. అంతకన్న పెద్ద చిక్కు ఏమంటే, గుండు కుడివైపు ఉన్నదని ప్రధాన వైద్యుడు ముందే నిశ్చయించుకుని, అటువైపే వెదకనిచ్చాడు. ఉన్నది ఎడమవైపు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించాడు. ఈ కథను నేను వినోదం కొరకు చెప్పడం లేదు. తరువాత మళ్లీ అవసరం పడుతుంది.

అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికులందరినీ సోదా చేసి పంపడం 1973 జనవరి నుంచి తప్పనిసరి అయినది. విమానాల అపహరణలు అందుకు కారణం. అక్కడినుంచి ఈ చట్రాలు న్యాయస్థానాలకు, ఆ తరువాత 1980ల దశకంలో డెట్రాయిట్ వంటి మహానగరాల బడులకు వచ్చాయి. న్యూయార్కు నగరం 1988లో కొన్ని ఉన్నత పాఠశాలలలో మొదలుపెట్టింది. ఆ నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో థామస్ జెఫర్సన్ హైస్కూలు అని ఒక బడి ఉండేది. 1991 నవంబరులో అక్కడ ఒక విద్యార్థి తుపాకీ కాల్పులకు బలి అయ్యాడు, ఒక ఉపాధ్యాయుడు గాయపడ్డాడు. సుమారు మూడు నెలలకే, 1992 ఫిబ్రవరి 26న, నగర మేయరు డేవిడ్ డింకిన్స్ ఆ బడికే వచ్చి పిల్లలతో మాట్లాడవలసిన రోజున, ఆయన రాకకు కాస్త ముందుగా, బడి నడవలో పదిహేనేళ్ల విద్యార్థి ఇద్దరు తోటి విద్యార్థులను కాల్చి చంపాడు. ఈ సంఘటన తరువాత నగరంలో యంత్రాలు ఇంకా ఎన్నో బడులకు విస్తరించాయి. ఆ తల్లిదండ్రుల స్థానంలో మనం ఉంటే మరొక మాట చెప్పి ఉండేవారం కాము. పిల్లవాడు పొద్దున పుస్తకాలు పట్టుకుని పోయిన చోటినుంచి సాయంత్రం తిరిగి రావాలన్నది తల్లిదండ్రులు అడిగే కనీసపు కోరిక.

మరి ఒంటిని, సంచిని ఇట్లా వెదకడం చట్టసమ్మతమేనా? అకారణంగా ఎవరినీ సోదా చేయరాదని వారి రాజ్యాంగపు నాలుగవ సవరణ శాసిస్తున్నది. ఈ రక్షణ బడిపిల్లలకు కూడ వర్తిస్తుందని 1985లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. న్యూజెర్సీలో ఒక పద్నాలుగేళ్ల బాలిక మరుగుదొడ్డిలో సిగరెట్టు కాల్చిందన్న ఆరోపణపై ఆమె చేతిసంచిని బడి అధికారి తెరిచి చూసిన కేసు అది. రక్షణ ఉన్నదంటూనే, పోలీసులకు కావలసినంత బలమైన ఆధారం బడి అధికారికి అక్కరలేదు, సహేతుకమైన అనుమానం చాలునని కోర్టు చెప్పింది. అయితే మెటల్ డిటెక్టరు ముందు నిలబడిన పిల్లవాడి మీద ఏ అనుమానమూ ఉండదు గదా? 1992లో న్యూయార్కు న్యాయస్థానం ముందుకు ఈ ప్రశ్నే వచ్చింది. ఇది నేరస్థుని పట్టుకొనడానికి చేసే సోదా కాదు, ఆయుధం లోపలికి రాకుండా చూసే పాలనాపరమైన తనిఖీ గనుక అనుమానం అవసరం లేదని ఆ కోర్టు సమర్థించింది. కాని ఆ తనిఖీ జరిగిన పద్ధతిని గమనించాలి. తనిఖీ ఉండవచ్చునని బడి వాకిట ముందుగానే ప్రకటన పెట్టారు. వరుస మరీ పెరిగితే ఇంతమందికి ఒకరు చొప్పున లెక్క ప్రకారం పిలవాలే గాని, ముఖం చూసి ఒకరిని ఎంచరాదు. బాలికలను స్త్రీ ఉద్యోగులే తనిఖీ చేయాలి. ఈ షరతులే ఆ సోదాకు మర్యాదను తెచ్చాయని నా అభిప్రాయం. చట్టం చదవదలచిన విద్యార్థులు ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచిది.

యంత్రం పని చేసిందా లేదా అన్నది అసలు ప్రశ్న. దీనికి అంకెలు ఉన్నాయి. న్యూయార్కు నగరపు ఉన్నత పాఠశాల విద్యార్థులను 1992లో పేర్లు అడగకుండా ప్రశ్నించి, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1993లో ఫలితాలు ప్రకటించింది. గడచిన నెల రోజులలో బడి లోపలికి ఆయుధం తెచ్చామని ఒప్పుకున్నవారు, యంత్రాలు లేని బడులలో నూటికి 13.6 మంది, యంత్రాలు ఉన్న బడులలో 7.8 మంది. బడికి వచ్చి పోయే దారిలో ఆయుధం దగ్గర ఉంచుకున్నవారు యంత్రాలు లేనిచోట 15.2, ఉన్నచోట 7.7. ఇది చిన్న మేలు కాదు. యంత్రం వృథా అని ఉపన్యసించినవారు ఈ నాలుగు అంకెలకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

కాని అదే నివేదికలో ఇంకొక సంగతి ఉన్నది. బడి అని గాక ఎక్కడైనా సరే ఆయుధం పట్టుకు తిరిగామన్నవారి నిష్పత్తి ఉభయ రకాల బడులలోనూ ఇంచుమించు సమానం. బెదిరింపులకు గురి కావడం, కొట్లాటలకు దిగడం, వీటిలోనూ తేడా లేదు. అంటే యంత్రం ఆయుధాన్ని బడి గుమ్మం అవతల నిలపగలిగింది గాని, కుర్రవాని జీవితం నుంచి తొలగించలేకపోయింది. సాయంత్రం అతడు మళ్లీ ఆ వీథికే పోవాలి. ఏ భయం చేత అతడు కత్తి కొన్నాడో ఆ భయం అక్కడే కాచుకుని ఉంటుంది. ఒక్క నగరపు అంకెలతో తృప్తి పడనివారు 2011లో వచ్చిన సమీక్షను చూడవచ్చు. పదిహేనేళ్ల పరిశోధనలను గాలించిన ఆ సమీక్షకులకు పనికివచ్చే అధ్యయనాలు ఏడే ఏడు దొరికాయి. మేలు జరిగిందనడానికి గాని కీడు జరిగిందనడానికి గాని చాలినంత సాక్ష్యం లేదని వారు తేల్చారు. యంత్రం ఉండడం వల్ల కొందరు పిల్లలకు ధైర్యానికి బదులు భయమే ఎక్కువ కావచ్చునన్న సూచన కూడ అందులో ఉన్నది.

పత్రికలలో మనం చదివే సామూహిక హత్యల సంగతి వేరు. యంత్రాలను తప్పనిసరి చేయాలన్న కేక ప్రతిసారీ లేచేది వాటి తరువాతనే. యంత్రం అతి తక్కువ పని చేసేది కూడ అక్కడనే. 1998 మార్చి 24న ఆర్కాన్సా రాష్ట్రపు జోన్స్‌బొరోలో పదమూడేళ్లవాడొకడు, పదకొండేళ్లవాడొకడు కలిసి బడిలో అగ్నిప్రమాదపు గంట మోగించి, పిల్లలు బయటికి రాగానే చెట్లచాటు నుంచి కాల్పులు జరిపి నలుగురు బాలికలను, ఒక ఉపాధ్యాయినిని చంపారు. చంపినవాడు లోపలికి రానేలేదు, చట్రం ఎక్కడ నిలబెట్టాలి? 2012 డిసెంబరు 14న శాండీ హుక్ ప్రాథమిక పాఠశాల తలుపుకు తాళం ఉన్నది. హంతకుడు పక్కనున్న అద్దాన్ని కాల్చి పగలగొట్టి ప్రవేశించాడు. 20 మంది పసిపిల్లలు, 6 మంది పెద్దలు మరణించారు. మిన్నెసోటాలోని రెడ్ లేక్ హైస్కూలులో యంత్రం ఉన్నది, దాని దగ్గర నిరాయుధుడైన కాపలాదారు కూడ ఉన్నాడు. 2005 మార్చి 21న పదహారేళ్ల కుర్రవాడు వచ్చి మొదట చంపినది ఆ కాపలాదారునే. ఆ తరువాత ఒక ఉపాధ్యాయినిని, అయిదుగురు విద్యార్థులను చంపి తానూ చచ్చాడు. దాచుకుని తెచ్చేవానికి యంత్రం భయం. చావుకు తెగించి ఎదురుగా వచ్చేవానికి అది ఒక గుమ్మం మాత్రమే.

రెడ్ లేక్ కుర్రవాడు వాడినవి పోలీసు ఉద్యోగి అయిన తాతగారి ఆయుధాలు. ఇది ఒక్క చోటి విశేషం కాదు. అమెరికా రహస్య రక్షణ విభాగమూ, విద్యాశాఖా కలిసి 1974 నుంచి 2000 దాకా జరిగిన 37 బడి దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. నూటికి 68 మంది దుండగులకు తుపాకీ దొరికినది తమ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో. నూటికి 81 దాడులలో, దుండగుడు ఏదో తలపెట్టాడన్న సంగతి కనీసం మరొక మనిషికి ముందే తెలుసు. ఆ మనిషి సాధారణంగా తోటి విద్యార్థే. ఈ రెండు అంకెలను చదివిన తరువాత బెల్ కథ గుర్తుకు రాక మానదు. వెదకే సాధనం బాగానే ఉన్నది; వెదకనిచ్చిన చోటు ఏది?

తప్పనిసరి చేయవలెననేవారు ఒక చిన్న లెక్క కూడ చేసి చూడాలి. రెండు వేలమంది చదివే ఉన్నత పాఠశాల అనుకుందాం. సంచి బల్లమీద పెట్టి, జేబులు ఖాళీ చేసి, చట్రం దాటి, వస్తువులు తిరిగి తీసుకొనడానికి మనిషికి పది సెకన్లే పట్టిందనుకుందాం. అది చాల ఉదారమైన అంచనా. రెండు చట్రాలు పెడితే పదివేల సెకన్లు, అంటే సుమారు రెండు గంటల నలభయి ఆరు నిమిషాలు. నాలుగు పెట్టినా గంటా ఇరవై మూడు నిమిషాలు. అంతసేపు పిల్లలు, ఏ రక్షణా లేని ఆరుబయట, వరుసగా గుమిగూడి ఉంటారు. యంత్రం వెల కొన్ని వేల డాలర్లు, ఒకసారి పెట్టే ఖర్చు. దాని దగ్గర నిలబడే మనుషుల జీతాలు ఏటేటా పెట్టవలసినవి. ఆ సొమ్ముతో పిల్లల మనసు తెలుసుకునే సలహాదారు ఒకరిని నియమించవచ్చునా అన్న ప్రశ్న ఏ పాఠశాల సంఘమైనా వేసుకోవలసినదే.

ఇంతకూ ఆ వరుసలో నిలబడేది ఎవరు? దేశం మొత్తం మీద రోజూ యంత్రం దాటించే బడులు కొద్దిపాటి శాతమే. న్యూయార్కులో వాటిగుండా పోవలసి వస్తున్నవారిలో నల్లజాతి పిల్లలూ, స్పానిష్ మూలాల పిల్లలూ తెల్లవారి పిల్లలకన్న చాల ఎక్కువ నిష్పత్తిలో ఉన్నారు. లాస్ ఏంజిల్స్ జిల్లా 1993 నుంచి చేతి యంత్రంతో యాదృచ్ఛిక తనిఖీలు జరిపించి, చివరకు విద్యార్థులే ఉద్యమించగా 2019 జూన్‌లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పాలని తీర్మానించింది.

తనిఖీలో ఒక పిల్ల మనసుకు ఏమవుతుందో అంకెలలో పట్టుబడదు. ఒక వృత్తివిద్యా ప్రవేశ పరీక్షా కేంద్రంలో పర్యవేక్షకుడిగా ఉన్న ఉదయం నేను చూసినది చెబుతాను. మన దగ్గర ఈ చేతి యంత్రం పరీక్షల కాపీయింగును అడ్డడానికి వచ్చింది. ఉద్దేశం వేరు, సాధనం ఒకటే. పదిహేడు పద్ధెనిమిదేళ్ల అమ్మాయి వరుసలోకి వచ్చింది. మెడ దగ్గర యంత్రం కూసింది. దుపట్టా కదలకుండా పెట్టుకున్న పిన్నీసు. తీసెయ్యమన్నారు. తీసింది. మళ్లీ కూసింది, ఇంకొక పిన్నీసు. వెనుక నిలబడినవారు విసుక్కున్నారు. తనిఖీ చేసినామె మర్యాదగానే ప్రవర్తించింది, తెర కూడ కట్టి ఉన్నది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అయినా ఆ అమ్మాయి జారిపోతున్న దుపట్టాను ఎడమచేత్తో పట్టుకుని, మూడు గంటలసేపు ఒక్క చేత్తోనే రాసింది. ఆమె ఏ తప్పూ చేయలేదు. కాపీయింగును అడ్డరాదని నేను అనను. కాని ఖర్చు పట్టికలో ఇది కూడ ఒక పద్దు అని గ్రహించాలి. ఏడాదికి ఒక ఉదయం ఇట్లా గడవడం వేరు. పన్నెండేళ్ల చదువులో ప్రతి ఉదయమూ ఇట్లా గడవడం వేరు.

నా నిర్ణయం అడిగితే, అంశంలోని "తప్పనిసరి" అన్న మాట దగ్గరనే నాకు అభ్యంతరం. 1992 నాటి బ్రూక్లిన్ బడివలె పిల్లల జేబులలో నిజంగానే కత్తులూ తుపాకులూ దొరుకుతున్నచోట, ఆ బడి అధికారులూ తల్లిదండ్రులూ కూర్చుని, పైన చెప్పిన షరతులతో, ఇంతకాలమని గడువు పెట్టుకుని యంత్రం నిలుపుకుంటే దాన్ని నేను కాదనను. అటువంటి స్థితి లేని వేలాది బడుల మీద ఒకే శాసనం రుద్దడం మాత్రం యంత్రం అమ్మేవారికే లాభం. కృత్రిమ మేధతో తాళపు చెవినీ తుపాకీనీ వేరుచేసి చెబుతామన్న కొత్త సాధనాలు కూడ ఇప్పుడు బడులకు వచ్చాయి. అటువంటి సాధనం ఉన్న ఒక బడిలోకి 2022 అక్టోబరులో ఏడంగుళాల కత్తి ప్రవేశించి ఒక విద్యార్థి గాయపడ్డాడు. ఆ కంపెనీ చేసిన ప్రచారం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 నవంబరులో చర్య తీసుకున్నది.

చివరగా ఒక సంఘటన. వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్‌లో 2023 జనవరి 6న ఒకటవ తరగతి చదివే ఆరేళ్ల పిల్లవాడు తల్లి తుపాకీని బడికి తెచ్చి, తరగతిలోనే ఉపాధ్యాయినిని కాల్చాడు. ఆమె ప్రాణాలతో బయటపడింది. ఆ బడి గుమ్మం దగ్గర ఆనాడు యంత్రం లేదు. ఉంటే బహుశః కూసి ఉండేది. ఇది యంత్రం పక్షాన నిజాయితీగా ఒప్పుకోవలసిన మాట. ఇప్పుడు అక్కడ యంత్రాలు పెట్టారు. అయితే కాల్పులకు ముందు, ఆ పిల్లవాని దగ్గర తుపాకీ ఉన్నదేమో అన్న మాట బడిలో ఒకరు గాక పలువురు చెప్పి ఉన్నారు. అతని పుస్తకాల సంచి తెరిచి చూశారు, అందులో లేదు. అతని ఒంటి మీది బట్టలు కూడ చూస్తానని ఒక ఉద్యోగి అనుమతి అడిగితే, వాళ్ల అమ్మ కాసేపట్లో వస్తుంది, ఆగమన్నారు.